దొంగ వద్దన్న బండి

మా బావ నన్ను అన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. వాటిలో సగం ఆయనే మరిచిపోయాడు. గుర్తు చేస్తే "నానెప్పుడన్నాన్రా?" అంటాడు. ఎప్పుడన్నాడో, ఎక్కడ నిలబడి అన్నాడో, అప్పుడు నోట్లో ఏం నములుతున్నాడో కూడా చెబితే "ఒరే, నీకు పనీపాటా నేదేటి?" అని ఇంకోటి అంటాడు. దాన్ని కూడా గుర్తు పెట్టుకుంటాను.

వాటన్నిటిలోకీ పెద్ద మాట ఒకటుంది. ఈ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో నా పేరు తెలియనివాళ్ళకు కూడా ఆ మాట తెలుసు. దాని నోరు మూయించడానికే నేను కారు కొన్నాను.

అప్పట్లో నాకొక మోటార్‌సైకిలుండేది. ఒక ఆదివారం గోల్‌బజార్‌లో చేపల వరస బయట దాన్ని నిలబెట్టి, లోపలికెళ్ళి బేరమాడి వచ్చేసరికి లేదు. పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తాను. సంచిలో చేపలు వాసన వేసేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. మర్నాడు బండి దొరికింది. బట్టల కొట్ల వెనకాల, గోడ పక్కన, శుభ్రంగా స్టాండు వేసి ఉంది. పెట్రోలు ఉన్నది ఉన్నట్టే ఉంది. అద్దం మీద గీత కూడా పడలేదు. దొంగ దాన్ని అంత దూరం నడిపి, ఇదేం బండిరా దేవుడా అనుకుని, దిగి వెళ్ళిపోయాడు.

బండి దొరికిందని నేను సంతోషించాను. ఆ సంతోషం విశ్వకర్మ పూజ దాకా ఉంది.

నేను రైల్వే వర్క్‌షాపులో చక్రాల షాపు మనిషిని. ఇరుసులకు చక్రాలు బిగించడం మా పని. విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపు గేట్లు తెరుస్తారు. పెళ్ళాం పిల్లలు, చుట్టాలు, ఊళ్ళో జనం, ఎవరైనా లోపలికి రావచ్చు. అలా మా అక్క మొగుడు, అంటే ఈ బావ, ఏటేటా వస్తాడు. ఆయన గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలు చివరి డబ్బాలో కూర్చుని, వెనక్కి పోయే పట్టాలు చూశాడు. ముందు ఏం జరుగుతోందో ఆయనకు కనిపించే వీలు లేదు. కానీ దాని మీద అభిప్రాయం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఆ పూజ రోజు, షాపంతా ఖిచుడీ తింటుండగా, బావ గొంతెత్తి అన్నాడు. "ఒరే బామ్మర్దీ, దొంగోడు కూడా వొద్దన్నాడంటే, నీ బండి ఎలాటిదో సూసుకోరా!"

నవ్వారు. విస్తళ్ళు పట్టుకుని నవ్వారు. మా ఇన్‌చార్జికి పొలమారింది, ఎవరో నెత్తి మీద తట్టారు. అర్థం కాని బెంగాలీలకు బావే దగ్గరుండి బెంగాలీలో చెప్పాడు, "చోరేరో పొఛొందో హొయ్‌ని!" అని, దొంగకి కూడా నచ్చలేదని. వాళ్ళూ నవ్వారు. ఎవరు ఏ మిషను పక్కన నిలబడి నవ్వారో ఇప్పుడడిగినా చెబుతాను. కొందరు రిటైరయ్యారు, ఒకరిద్దరు పోయారు కూడా. పోయినవాళ్ళను క్షమించానా అంటే, ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత ఆ బండి అమ్మబోతే కొనేవాడు కూడా "ఇదేనా అది?" అన్నాడు.

ఇప్పుడు నా సర్వీసు చివరికొచ్చింది. నేను బిగించిన చక్రాలు దేశమంతా పరుగెత్తాయి. నేను మాత్రం క్వార్టరు నుంచి గేటుకూ, గేటు నుంచి క్వార్టరుకూ సైకిలు తొక్కాను. పోయేలోగా ఒక్కసారైనా వేగంగా పోవాలని నిశ్చయించుకున్నాను. డిక్కీ బయటికి పొడుచుకురాని చిన్న కారు, ఇంజను మాత్రం పెద్ద కార్లను వెనక్కి నెట్టేది. టర్బో హ్యాచ్‌బ్యాక్. ఏ దొంగయినా చూస్తే ఆగి లొట్టలేయాలి. లొట్టలేయాలి గానీ పట్టుకుపోకూడదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బావ ఇంట్లో ఈ మాట ఎత్తడం నా పొరపాటు.

"ఫాస్టు బండంటే దొంగోడికి పండగేరా," అన్నాడు. "ఎక్కినాడా, ఝామ్మని ఒరిస్సా దాటిపోతాడు. నువ్వు సైకిలేసుకుని ఎనకాల పడతావేటి?"

"మరి మంచిదైతే దొంగోడు పట్టుకుపోతాడు, సెడ్డదైతే వొద్దంటాడు. నానేటి కొనాలి బావా?"

"నాది సూడు." కిటికీలోంచి వేలు చూపించాడు. బయట ఆయన తెల్ల కారు ఉంది. వెనక డిక్కీ, ముందు ముక్కు, ఊళ్ళో ప్రతి నాలుగో కారులాంటి కారు. "దొంగోడు సూసి టాక్సీ అనుకుంటాడు. ఆడి కన్ను పడదు. అదీ రక్ష."

"టాక్సీలా ఉండడానికి కారెందుకు బావా? టాక్సీయే ఎక్కొచ్చు గదా."

"అదే సెప్తున్నాను. నీకు కారెందుకు? ఆటో ఎక్కు."

ఇంటికొచ్చాక మా ఆవిడ విషయం తేల్చేసింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు, మాట్లాడిందంటే ముడి వేసినట్టే. "కొనండి. నాను కాదన్ను. గానీ దొంగ పట్టుకుపోనాడంటే మాత్రం మళ్ళీ బండి పేరెత్తకూడదు. గోల్‌బజారుకి ఆటోలోనే, సచ్చిందాకా. ఇంకోటి, మీ బావ అన్న మాట నానూ అంటాను. రోజూ. కాఫీతో పాటు."

"పట్టుకుపోతే ఆ మాట ఎలా అంటావు? వొద్దన్నాడనే గదా ఆ మాట."

"అప్పుడు కొత్త మాట కనిపెడతాను."

ఆవిడ కనిపెట్టగలదు. అందుకే జాగ్రత్తగా తూచి చూశాను.

షోరూముకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నన్ను "కాకు" అంది, అంటే బాబాయ్ అని. దాదా, అంటే అన్నయ్యా, అనవచ్చు. అనలేదు. పైగా, "మీ అబ్బాయికా, కాకు?" అంది. నాకే అన్నాను. నా నెరిసిన తల వైపు చూసి, మైలేజీ గురించి మొదలెట్టింది. మైలేజీ వద్దు, దీన్ని దొంగలు ఎక్కువ ఎత్తుకుపోతారా, తక్కువ ఎత్తుకుపోతారా అని అడిగాను. వాళ్ళకు నేర్పినవాటిలో ఆ ప్రశ్న లేదు. "ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, కాకు," అంది. ఇన్సూరెన్స్ డబ్బు ఇస్తుంది, మా బావ నోరు మూయదు అని ఆమెకెలా చెప్పను? దొంగలు ఏ రంగు ఇష్టపడతారని అడిగేసరికి లేచి మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ అద్దాల గదిలోంచి నన్ను చూశారు. పక్క బల్ల దగ్గరున్నవాడికి టీ, బిస్కెట్లు వచ్చాయి. నాకు రాలేదు.

అయినా నడిపి చూస్తానన్నాను. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంది. కాలు ఇలా ఆనించానో లేదో వీపు సీటుకి అతుక్కుపోయింది. ఫ్యాక్టరీ గోడలు వెనక్కి పారిపోయాయి. "ఆస్తే, కాకు, ఆస్తే!" అని ఆ అమ్మాయి తలుపు పట్టుకుంది, మెల్లగా పొమ్మని. టీ ఇవ్వనివాళ్ళ మాట నేనెందుకు వినాలి?

ఆ రోడ్డు మీదే కొనాలని తేల్చుకున్నాను. మిగిలింది దొంగ సంగతి.

నా తూకం ఇలా సాగింది. దొంగలు రెండు రకాలు. ఒకడు నడపడానికి ఎత్తుకుపోతాడు, ఇంకొకడు విప్పి అమ్మడానికి. విప్పేవాడికి ఊరంతా ఉన్న బండి కావాలి. దాని తలుపైనా, లైటైనా, బంపరైనా మర్నాటికి అమ్ముడవుతుంది. వాడు నా కారు ముట్టుకోడు, ఆ పార్టులు కొనేవాడు ఇక్కడెవడూ లేడు. అంటే ఆ రకం దొంగకు నా కారు కంటే మా బావ తెల్ల కారే ముద్దు. ఇదే సంగతి ఆయనతో అన్నాను.

"నా బండినెవడ్రా ముట్టుకుంటాడు?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "కుళ్ళు. నా బండంటే కుళ్ళు నీకు."

ఇక నడపడానికి ఎత్తుకుపోయేవాడు. వాడికే నేను భయపడాలి. అందుకని ముదురు పసుపు రంగు తీసుకున్నాను. అలాంటిది ఊళ్ళో ఇంకోటి లేదు. తెల్లది పోతే తెల్లవాటిలో కలిసిపోతుంది, ఇది పోతే పిల్లలు కూడా వేలు చూపిస్తారు. దీనికి తాళం తిప్పే పని లేదు, జేబులో ఉంటే చాలు, మీట నొక్కితే స్టార్టవుతుంది. కానీ ఇంట్లో ఉన్న తాళం సిగ్నలుని గోడ బయటినుంచి ఏదో పరికరంతో పట్టేస్తారని విన్నాను. మా ఆవిడ స్టీలు క్యారేజీ అడుగు గిన్నెలో తాళం పెట్టి, మూత బిగించి, కారు పక్కన నిలబడి చూశాను. తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు నుంచి తాళం క్యారేజీలోనే పడుకునేది. గోల్‌బజార్ నుంచి స్టీరింగుకి అడ్డంగా బిగించే ఇనపరాడ్డు తెచ్చాను. షాపులో రైలు పెట్టె దొర్లకుండా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టడం మాకు అలవాటు, ఆ అలవాటు కొద్దీ కారుకీ పెట్టాను.

బావ చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. దిమ్మను కాలితో తన్నాడు.

"గుమ్మడిపువ్వులాగుందిరా," అన్నాడు. "ఇంత భయమైతే సాలువా ఊళ్ళో తుపాకీ పోలీసుల కేంపు ముందర పెట్టీ. రోజూ బస్సులో అక్కడికెల్లి, కారెక్కి, ఇంటికొచ్చి, కాఫీ తాగి, కారు మళ్ళీ అక్కడ దింపేసి, బస్సెక్కి రా."

మా ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వు కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఆ ఏడు విశ్వకర్మ పూజ వచ్చింది. కారుని కడిగి, బంతిపూల దండ వేసి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వర్క్‌షాపు గేటు బయట మైదానంలో నిలబెట్టాను. ఎక్కడ పెట్టానో చూసి బావ తన తెల్ల కారు తెచ్చి దాని పక్కనే ఆపాడు. దానికీ దండ, దానికీ నిమ్మకాయలు. "పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తాది," అన్నాడు.

మా షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఆ రోజు పనిముట్లేవీ మనుషుల దగ్గర ఉండకూడదు. స్పానర్లు, గేజీలు, లాకరు తాళాలు, బండ్ల తాళాలు, అన్నీ విశ్వకర్మ విగ్రహం కాళ్ళ దగ్గర పెద్ద ఇత్తడి పళ్ళెంలో పెట్టాలి. పంతులు వాటి మీద కుంకుమ చల్లి, పూలు వేస్తాడు. భోజనాలయ్యాక ఎవరివి వాళ్ళు తీసుకుంటారు. ఎప్పటినుంచి ఇలా జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఏడాదంతా మూడేసి తాళాలు వేసుకునే మేమందరం, ఊరంతటికీ గేట్లు తెరిచిన రోజునే, తాళాలన్నీ ఒక పళ్ళెంలో పోసి, వీపు తిప్పి ఖిచుడీ తింటాం. ఇదేమిటని ఎవరూ అడగలేదు. దేవుడి దగ్గర అలాంటివి అడగరు.

నేను మాత్రం పళ్ళెం ముందు ఆగాను. జేబులోంచి చెయ్యి రాలేదు.

బావ కళ్ళకు అదే కనిపించింది. "ఏట్రా, సెయ్యి అతుక్కుపోనాదేటి? విశ్వకర్మ నీ కారు తోలుకుపోతాడనేటి? ఆయనకి సొంత ఏనుగుందిరా!"

నిజమే, విగ్రహం కింద ఏనుగుంది. షాపంతా నవ్వింది. ఆ పాత నవ్వే, మనుషులు కొందరు కొత్త.

"బావా, గేటు తెరిసుంది. ఎవడెవడో వస్తన్నాడు," అన్నాను.

"దేవుడి కాళ్ళకాడ ఉన్నదాన్ని ముట్టుకునీవోడు ఇంకా పుట్నేదురా." తన తాళం తీసి, అందరికీ కనిపించేలా ఎత్తి, పళ్ళెంలో టంగుమని వేశాడు. "నాను పెట్టినాను. సూడు. నువ్వూ పెట్టు."

పెట్టాను. ఆయన తాళం పక్కనే.

తర్వాత మైకులో పాటలు, ప్రసాదాలు, పైన ఆకాశమంతా గాలిపటాలు. ఎవరెవరో కుటుంబాలు చక్రాల మధ్య నిలబడి ఫొటోలు తీసుకున్నారు. రెండోసారి ఖిచుడీ వడ్డించేటప్పుడు నేను ఒకసారి మెడ తిప్పి చూశాను. పళ్ళెం చుట్టూ మనుషుల వీపులే కనిపించాయి. బావ నా మెడ తిరగడం గమనించి, "తిను, తిను, ఏనుగు కాపలా ఉంది," అన్నాడు.

భోజనాలయ్యాక అందరూ తాళాలు తీసుకున్నారు. పళ్ళెంలో చివరికి నాదొక్కటే మిగిలింది, కుంకుమతో, ఒక బంతిరేకుతో. బావది లేదు. ఎవరో పొరపాటున పట్టుకెళ్ళారన్నారు. పూలు ఎత్తి చూశారు, ఏనుగు వెనకాల చూశారు. మా అక్క చీర కొంగు దులిపింది. అప్పుడు ఆయన, ఆయన వెనకాల మేము, గేటు బయటికి పరిగెత్తాం.

నా పసుపు కారు దండతో అలాగే ఉంది. పక్కన ఖాళీ. ఆ ఖాళీలో చితికిన నిమ్మకాయలు.

నా బండి కనబడగానే ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. రెండు తాళాలు పక్కపక్కన ఉన్నాయి. దొంగ చెయ్యి అక్కడికొచ్చింది. ఒక తాళం మీద తెల్ల కారు కంపెనీ గుర్తు ఉంది, ఇంకోటి కొత్తగా, మీటలతో, ధగధగలాడుతూ ఉంది. వాడు చూశాడు, రెండూ చూశాడు, నాది వదిలేశాడు. తెల్లదైతే సాయంత్రానికల్లా తలుపులు వేరు, లైట్లు వేరు. నేను చెప్పిందే జరిగింది. నేను చెప్పింది జరిగినందుకు కూడా నాకు సంతోషం దక్కలేదు.

బావ నేల మీద చతికిలబడ్డాడు. "నా బండిరా... నా బండిరా..." అంటున్నాడు. లేపి నా కారెక్కించి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాను. మా ఆవిడ, అక్క వెనక కూర్చున్నారు.

పెద్ద పోలీసు అంతా విన్నాడు. "తాళాలు పళ్ళెంలో పెట్టారా?" అన్నాడు. పెట్టామన్నాం. "అందరివీ?" అందరివీ. పెన్ను పక్కన పెట్టాడు. "రెండూ పక్కపక్కనేనా? రెండోది ఏ కారు?"

కిటికీలోంచి చూపించాను. లేచి వెళ్ళి చూశాడు. పసుపు రంగు ఆయన మొహం మీద పడింది. "ఓటా నెయ్‌ని?" అన్నాడు, అది తీసుకోలేదా అని. గుమ్మం దగ్గరి కానిస్టేబులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తల పట్టుకుని కూర్చున్న బావ మెల్లగా తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ తడిలోనే ఏదో వెలిగింది. నాకు తెలుసు ఏం రాబోతోందో.

"ఒరే బామ్మర్దీ," అన్నాడు. "ఈపాలి కూడా నీది వొద్దన్నాడ్రా."

అంతటితో ఆగలేదు. సొంత కారు పోయినవాడు, పోలీసుల వైపు తిరిగి దాన్ని బెంగాలీలో కూడా చెప్పాడు. మోటార్‌సైకిలు సంగతితో సహా. స్టేషనంతా నవ్వింది. ఏ బల్ల దగ్గర ఎవరున్నారో చూసుకున్నాను.

ఇన్నేళ్ళుగా ఆ మాటకు బదులు ఏం చెప్పాలో కూడబెట్టుకుంటూ వచ్చాను. సైకిలు మీద పోతూ, చక్రాలు బిగిస్తూ, నిద్ర పట్టనప్పుడు. వాటిలో ఒక్కటీ అప్పుడు నోటికి రాలేదు. వేరేది వచ్చింది.

"వొద్దన్నాడు బావా," అన్నాను. "అందుకే ఇంటికెల్లడానికి బండుంది. నెగు. ఎక్కు."

ఆయన నోరు తెరిచి, మూశాడు. నేను చూశాను, మూశాడు. లేచి వచ్చి ఎక్కాడు. బెల్టు పెట్టుకోలేదు. కారు టింగు టింగుమని మోగుతూనే ఉంది.

"ఏట్రా ఆ సప్పుడు?"

"నిన్నే బావా."

"నన్నేటి?"

"పిలుస్తున్నాది." అంతకు మించి చెప్పలేదు. ఇంటి దాకా మోగింది. వెనక సీట్లో మా ఆవిడ నవ్వింది, ఈసారి నవ్వు నా వైపుదని లెక్క వేసుకున్నాను.

ఆ తెల్ల కారు ఇప్పటిదాకా దొరకలేదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు బావ గొంతులో బాధతో పాటు ఇంకోటి కూడా ఉంటుంది. అది గర్వం. తన బండిని దొంగ ఉంచుకున్నాడు. మళ్ళీ కారు కొనలేదు, ఏది కొన్నా పోతుందని భయం. అందుకని ఆదివారాలు గోల్‌బజార్‌కి నా కారులోనే వస్తాడు. డిక్కీ లేదంటాడు, సీటు ఇరుకంటాడు, ఇలా తోలితే గుండె జారుతాదంటాడు. చేపల వరస ముందు దిగి, సంచి పట్టుకుని లోపలికి పోతాడు. ఆయన బేరం తొందరగా తెమలదు.

ఆ లోపల నేను కారు తీసి, బట్టల కొట్ల వెనక్కి వెళ్ళి, గోడ పక్కన శుభ్రంగా ఆపుతాను. తర్వాత నడిచి వచ్చి, ఎదురుగా టీ కొట్టు నీడలో నిలబడతాను. బావ బయటికొస్తాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. సంచిలోంచి నీళ్ళు చెప్పుల మీద కారుతుంటాయి. "ఒరే!" అని అరుస్తాడు. "ఒరే, బండేదిరా?"

టీ అయ్యేదాకా నేను పలకను.